టవర్ ఎదురుగా ఉంటే కడుపులో బిడ్డ జీన్లు మారిపోతాయా?

తిరుపతి కొర్లగుంటలో అద్దెకుంటున్నామని, ఎదురు మేడ మీద కొత్తగా సెల్ టవర్ లేచిందని, మీ ఆవిడకు ఐదో నెలని రాశారు. దానికి తోడు మీ అత్తగారు పంపిన వాట్సాప్ వీడియో ఒకటి. ఫోన్ రేడియేషన్ జీన్ల స్విచ్చులు తారుమారు చేస్తుందని, అది కడుపులో బిడ్డకే ముందు తగులుతుందని, అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల మీద, ఇంగ్లండ్ వాళ్లు పురుగుల మీద రుజువు చేశారని అందులో చెప్పారట. పురుడు దగ్గర పడేలోపే ఇల్లు మారాలా అని మీ ప్రశ్న.

మారక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి. నేను డాక్టర్ని కాను. ఈ ఊళ్లోనే ఒక ల్యాబ్‌లో, ఏ జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. మీ ఆవిడ బీపీ, షుగర్, స్కానింగ్ సంగతులు ఆమెను చూసే డాక్టరమ్మే చెప్పాలి. ఆ వీడియోలో చూపించిన ప్రయోగాల సంగతి మాత్రం నేను చెప్పగలను. అలాంటి ప్రయోగాల్లో కాలు ఎక్కడ జారుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి.

వీడియో చేసినాయన రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే గిన్నెలో కలిపేశాడు. డీఎన్‌ఏ తెగిపోవడం, అందులో అక్షరం మారిపోవడం ఒకటి. ఉన్న జీన్ మామూలు కంటే ఎక్కువగానో తక్కువగానో పనిచేయడం ఇంకొకటి. మొదటిది నిజంగా జరిగితే భయపడాల్సిందే. రెండోది మీకూ నాకూ నిమిషనిమిషానికీ జరుగుతూనే ఉంటుంది. మన కణాల్లో ప్రొటీన్లు తయారుచేయించే జీన్లు సుమారు 20,000. కాలేయంలోనూ అవే, కంట్లోనూ అవే. ఏ జీన్ ఎక్కడ, ఎప్పుడు, ఎంత పలకాలన్న అదుపు వల్లే కాలేయం కాలేయంగా, కన్ను కన్నుగా ఉంటాయి. ఆ అదుపు చేసేవి కొన్ని ప్రొటీన్లు, డీఎన్‌ఏ మీద అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు, మైక్రో ఆర్‌ఎన్‌ఏ అనే చిన్న ముక్కలు. 2024లో వైద్యంలో నోబెల్ ఇచ్చింది ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కనిపెట్టినందుకే.

ఈ అదుపు చాలా సున్నితం. భోంచేస్తే మారుతుంది, నిద్ర చెడితే మారుతుంది, జ్వరమొస్తే మారుతుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి కొండకు చేరిన మనిషి తొడ కండరాన్ని పరీక్షిస్తే వందల జీన్ల లెక్క మారి ఉంటుంది. అది జబ్బు కాదు, ఒళ్లు తన పని తాను చేసుకుంటోందన్నమాట. అందుకని "జీన్ పని మారింది" అని ఎవరైనా భయపెడితే, ఏది మారింది, ఎంత మారింది, ఎంతసేపు మారింది, మార్చింది తరంగమేనా లేక పక్కనున్న ఇంకేదైనానా అని అడగాలి. ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలా పరిశోధన పేపర్లు చతికిలపడ్డాయి.

ముందు డీఎన్‌ఏ తెగే సంగతి తేల్చేద్దాం, అది సులువు. వెలుగైనా, ఎక్స్‌రే అయినా, ఫోన్ తరంగమైనా శక్తి చిన్నచిన్న పొట్లాలుగా వస్తుంది. వాటినే ఫోటాన్లంటారు. డీఎన్‌ఏలో ఒక కర్బన బంధం తెగాలంటే మూడు నుంచి నాలుగు ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి. 2 గిగాహెర్ట్జ్ ఫోన్ తరంగంలో ఒక్కో ఫోటాన్‌కు ఉండేది 0.000008 ఎలక్ట్రాన్‌వోల్టు. కావాల్సిన దాంట్లో సుమారు నాలుగు లక్షల వంతు. 37 డిగ్రీల ఒంటి వేడికి అణువులు వాటంతటవే ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఇచ్చిపుచ్చుకునే శక్తే 0.027 ఎలక్ట్రాన్‌వోల్టు, అంటే ఫోన్ ఫోటాన్‌కు మూడు వేల రెట్ల పైన. టవర్ పవర్ పెంచితే ఫోటాన్ల సంఖ్య పెరుగుతుందే గానీ ఒక్కోదాని బలం పెరగదు. రాతిగోడ మీద ఆవగింజలు ఎన్ని గంపలు విసిరితే మాత్రం గోడ పగులుతుందా? బంధాల్ని చెడగొట్టే బలం ఎండలోని అల్ట్రావయొలెట్‌కు ఉంది. మన ఊరి మే నెల ఎండ గురించి మాత్రం ఎవరూ వీడియో చేయరు.

1995లో అమెరికాలోని సియాటిల్‌లో హెన్రీ లై, నరేంద్ర సింగ్ అనే ఇద్దరు 2,450 మెగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తగిలిన ఎలుకల మెదడు కణాల్లో డీఎన్‌ఏ తెగినట్టు రాశారు. వాళ్లు అనామకులు కారు. డీఎన్‌ఏ తెగిందో లేదో చూడ్డానికి ఇవాళ లోకమంతా వాడే కామెట్ పరీక్షను ఈ రూపంలోకి తెచ్చింది సింగే. రెండేళ్లకు సెయింట్ లూయిస్‌లో ఇంకో బృందం చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. ఈ రంగంలో ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి: ఒక ల్యాబ్‌లో కనిపిస్తుంది, ఇంకో ల్యాబ్‌లో మాయమవుతుంది.

ఇక్కడితో ఆపేస్తే ఫిజిక్స్ మాస్టారి పాఠం అవుతుంది. బయాలజీ వాళ్ల అనుమానం ఇంకోటి ఉంది, అదీ న్యాయమైనదే. బంధం తెగకపోయినా, కణం పైపొరలో ఏదో ఒక ప్రొటీన్ ఆ తరంగానికి చలించి లోపలికి కబురు పంపితే? 2007లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 875 మెగాహెర్ట్జ్ తరంగం తగిలిన కణాల్లో ఈఆర్‌కే అనే ప్రొటీన్ ఐదు నిమిషాల్లోనే చురుకైందని చూపించారు. పైపొరలోని ఒక ఆక్సిడేజ్ ఎంజైమ్‌తో కథ మొదలై, వరసగా ఒకదాన్నొకటి లేపుకుంటూ ఈఆర్‌కే దాకా వచ్చిందని వాళ్ల వాదన. ఈఆర్‌కే చాలా జీన్లకు మేస్త్రీ లాంటిది కాబట్టి ఇది కొట్టిపారేసే పని కాదు. అయితే కణాలకు సీరం అనే పోషక ద్రవం కొత్తగా పోసినా అదే ఈఆర్‌కే లేస్తుంది, ఇంకా గట్టిగా లేస్తుంది. గిన్నెలో కణాలు కాసేపు ఉలిక్కిపడటానికీ, మనిషికి హాని జరగడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని ఇంతవరకు ఎవరూ దాటించలేదు.

ఇక వేడి. ఆవగింజలు గోడను పగలగొట్టవు గానీ వేడెక్కించగలవు. మైక్రోవేవ్ ఓవెన్‌లో జరిగేది అదే. అందుకే ఫోన్లకు సార్ అని ఒక కొలత పెట్టారు: కేజీ ఒంట్లోకి ఎన్ని వాట్లు ఇంకుతున్నాయన్నది. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి దాని హద్దు కేజీకి 1.6 వాట్లు. పోల్చి చూసుకోవాలంటే, ఊరికే కూర్చున్నప్పుడు కూడా మన మెదడు కేజీకి సుమారు 14 వాట్ల వేడి తనే పుట్టిస్తుంది. రక్తం దాన్ని ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. గంటసేపు మాట్లాడితే చెవి కాలేది చాలావరకు బ్యాటరీ వేడికి, గాలాడకుండా ఫోన్ అదిమి పెట్టినందుకు.

ఇప్పుడు మీ వీడియోలోని పురుగుల దగ్గరకు వద్దాం. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఇష్టమైన కథ ఇదే.

వేడి తగిలినప్పుడు లేచే జీన్లు కొన్ని ఉన్నాయి. ఈగ నుంచి మనిషి దాకా అందరికీ ఉన్నాయి. వేడికి ప్రొటీన్లు వంకర పోకుండా కాపాడే హీట్ షాక్ ప్రొటీన్లను ఇవి తయారుచేయిస్తాయి. వీటి సంగతి బయటపడిందే ఇంక్యుబేటర్ (లోపలి వేడిని ఒకే తీరుగా ఉంచే పెట్టె) తికమక వల్ల. ఇటలీ శాస్త్రవేత్త ఫెరుచ్చియో రిటోస్సా పండు ఈగల మీద పనిచేస్తుంటే ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. తర్వాత మైక్రోస్కోప్‌లో చూస్తే క్రోమోజోముల మీద ఎన్నడూ లేని చోట్ల ఉబ్బులు! విసుక్కుని ఆ ఈగల్ని పారేయకుండా, అదేమిటో తేల్చి 1962లో ప్రచురించాడు.

2000 సంవత్సరంలో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్లు సీ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడుగు పురుగుల్ని తీసుకున్నారు. హీట్ షాక్ జీన్ లేచిందంటే కంటికి కనిపించేలా వాటిలో ముందే ఏర్పాటు ఉంది. రాత్రంతా 750 మెగాహెర్ట్జ్ తరంగంలో ఉంచారు, అదీ అర వాటు మాత్రమే. జీన్ లేచింది. థర్మామీటరు చూస్తే వేడి పెరిగిన ఆనవాలు లేదు. వేడి లేకుండానే తరంగం నేరుగా జీన్‌ను లేపిందని నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. లోకమంతా గగ్గోలు. మీ అత్తగారికి వచ్చిన వీడియో ఆ గగ్గోలు దగ్గరే ఆగిపోయింది.

తర్వాత జరిగింది చెబుతాను. ఆ బృందమే ఊరుకోకుండా, పురుగుల్ని పెట్టిన రాగి పెట్టెను బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలకు ఇచ్చి కొలిపించింది. ఆ రాగి పెట్టెలోనే కొంత పవర్ ఇంకిపోతోంది, దానివల్ల లోపలి పురుగులు 0.2 డిగ్రీల దాకా వెచ్చబడుతున్నాయి. పెట్టెకు వెండి పూత వేయించి మళ్లీ చేశారు. జీన్ లేవలేదు. అంతటితోనూ ఆగలేదు. తరంగం ఊసే లేకుండా కొన్ని పురుగుల్ని 26.0 డిగ్రీల దగ్గర, కొన్నింటిని 26.2 దగ్గర ఉంచారు. ఆ 0.2 తేడాకే జీన్ పని 20 శాతం పెరిగింది. 2006లో నేచర్‌లోని ఆ పేపరును వాళ్లంతట వాళ్లే వెనక్కి తీసుకున్నారు. ఇలా చేసేవాళ్లు ఎంతమంది ఉంటారు? నా దృష్టిలో ఆ పేపరు వెనక్కి పోవడం వాళ్లకు మచ్చ కాదు, కిరీటం.

0.2 డిగ్రీలంటే ఏపాటి? మా ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ తలుపు తీసి కణాలు పెంచే ప్లేటు కోసం వెతుకుతూ ఒక్క నిమిషం నిలబడితే అంతకంటే ఎక్కువ తేడా వస్తుంది. ప్లేటులో అంచు గుంటల్లో నీళ్లు తొందరగా ఆవిరవుతాయి, నడిమి గుంటల్లో కావు. ఎండాకాలం కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు వచ్చే మార్పు సరేసరి. కోవిడ్ రోజుల్లో సీటీ వాల్యూ అనే మాట మీరంతా వినే ఉంటారు. జీన్ పని కొలిచేదీ దాంతోనే. జీన్ పనిచేస్తే ఆర్‌ఎన్‌ఏ అనే నకలు పుడుతుంది, అది కనిపించేదాకా యంత్రం ఎన్ని సైకిళ్లు తిప్పిందో లెక్కపెడతాం. ఒక సైకిల్ తేడా అంటే ఆర్‌ఎన్‌ఏ రెండింతలు. అర సైకిల్ అంటే 1.4 రెట్లు. పైపెట్ పట్టిన చెయ్యి అలిసినా, ట్యూబు ఐసు మీద నుంచి కాస్త ముందు తీసినా అర సైకిల్ అటూఇటూ అవుతుంది. రేడియేషన్ వల్ల ఫలానా జీన్ 1.4 రెట్లు పెరిగిందని ఎవరైనా రాస్తే, ఎన్నిసార్లు చేశారు, ఏ గిన్నెకు తరంగం తగిలిందో తెలియకుండా కొలిచారా, పోలిక కోసం తరంగం లేని ఉత్తుత్తి పెట్టెలో ఉంచిన కణాల వేడి కూడా చూశారా అని నేను మొదట వెతికేది అందుకే.

ఒకేసారి వేల జీన్లను కొలిచే చిప్పులు వచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. నూటికి ఐదు పొరపాటు ఒప్పుకునే లెక్కలో 20,000 జీన్లు కొలిస్తే, ఏమీ జరగకపోయినా 1,000 జీన్లు మారినట్టు కనిపిస్తాయి. ఫిన్‌లాండ్ వాళ్లు 2008లో పదిమంది మహిళల ముంజేతికి గంటసేపు 900 మెగాహెర్ట్జ్ తరంగం తగిలించి, చర్మం ముక్క తీసి 580 ప్రొటీన్ చుక్కలు చూశారు. మారింది 8. అదే లెక్కన ఊరికే మారాల్సినవి 29. వాళ్లు కూడా దీన్ని చిన్న తొలి ప్రయత్నమనే రాసుకున్నారు. వార్తాపత్రికల్లో హెడ్డింగులు మాత్రం పెద్దవి పడ్డాయి.

యేల్ ఎలుకలు మీకు ఎక్కువ గుచ్చుకున్నట్టున్నాయి, సహజమే, కడుపుతో ఉన్నవి కదా. 2012 నాటి పని అది. కడుపుతో ఉన్న చిట్టెలుకల బోను పైన కాల్‌లో ఉన్న మామూలు ఫోన్ పెట్టి, పుట్టిన పిల్లలు పెద్దయ్యాక చూస్తే కుదురు తక్కువ, జ్ఞాపకం తక్కువ అన్నారు. ఫోన్ అనేది క్షణక్షణానికీ తన పవర్ తనే మార్చుకునే వస్తువు. దాన్ని బోను మీద పెడితే కింద తిరిగే ఎలుకకు ఎంత అందిందో చెప్పడం కష్టం. పైగా ఎలుక ఒళ్లు మొత్తం ఫోనంత కూడా ఉండదు. తల్లి ఒళ్లంతా దాని కిందే. మీ ఆవిడ విషయంలో బిడ్డకూ తరంగానికీ మధ్య కండ, కొవ్వు, గర్భాశయం, ఉమ్మనీరు ఉన్నాయి. ఫోన్ తరంగం కొన్ని సెంటీమీటర్లు పోయేసరికే చాలావరకు ఇంకిపోతుంది.

దీనికంటే పెద్ద పని అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌టీపీది, 2018లో తుది నివేదిక వచ్చింది. ఎలుకల్ని తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్ల పాటు, రోజుకు తొమ్మిది గంటలు, ఒళ్లంతా తగిలేలా ఉంచారు. గరిష్ఠం కేజీకి 6 వాట్లు. జనానికి ఒళ్లంతా తగిలే హద్దు 0.08, అంటే దానికి 75 రెట్లు. మగ ఎలుకల గుండెలో ష్వానోమా అనే అరుదైన గడ్డలు కొన్నింటికి వచ్చాయి, ఇది దాచిపెట్టాల్సిన సంగతి కాదు. పిల్లలు పుట్టినప్పుడు బరువు కాస్త తగ్గింది, తర్వాత కోలుకున్నాయి. వింతేమిటంటే తరంగం తగిలిన మగ ఎలుకలు తగలని వాటికంటే ఎక్కువ కాలం బతికాయి. దాన్నిబట్టి ఆయుష్షు కోసం టవర్ కింద పడుకోమని ఎవరూ చెప్పరు కదా. భయపెట్టే ముక్కనూ అదే జాగ్రత్తతో చదవాలి.

2011లో క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ ఈ తరంగాలను 2బీ గుంపులో, అంటే క్యాన్సర్ తెస్తాయేమో అన్న అనుమానపు జాబితాలో, పెట్టిన మాట నిజమే. కలబంద ఆకును మొత్తంగా పిండిన రసం కూడా ఆ గుంపులోనే ఉంది. అనుమానం ఎంత గట్టిదో ఆ గుంపులు చెబుతాయి గానీ ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వచ్చింది, ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు.

ఇక మీ ఎదురింటి టవర్. జనం తలకిందులుగా ఆలోచించేది ఇక్కడే. మా వీధిలో ఒక పెద్దావిడ "ఆ టవర్ వచ్చినాకే పిచ్చుకలు పోయినాయి సార్, తీపించేయండి" అంటూ నా వెంట పడింది. పెంకుటిళ్లు పోయి పిచ్చుకకు గూటి చోటు లేదని చెబితే ఆమెకు నచ్చలేదు. టవర్ తీసేస్తే ఏమవుతుందో చూడండి. టవర్ దూరమయ్యే కొద్దీ చేతిలో ఫోన్ గట్టిగా అరవాలి. 4జీ ఫోన్ గరిష్ఠంగా పంపేది 0.2 వాట్లు. టవర్ దగ్గరుంటే దాంట్లో వెయ్యోవంతుతోనే పని కానిచ్చేస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో సిగ్నల్ పడిపోయినప్పుడు బస్సులో వీడియో కాల్ మాట్లాడి చూడండి, ఫోన్ వేడెక్కి చార్జింగ్ ఎలా దిగుతుందో. మీ ఆవిడ ఒంటికి అందే తరంగంలో పెద్ద వాటా ఆమె చేతిలోని ఫోన్‌దే, ఎదురింటి టవర్‌ది కాదు.

టవర్ల మీదా హద్దు ఉంది. 2012లోనే మన దేశం అంతర్జాతీయ హద్దును పదో వంతుకు కుదించింది. 1,800 మెగాహెర్ట్జ్‌కు అది చదరపు మీటరుకు 0.9 వాట్లు. టవర్ మీది యాంటెన్నా పలకల నుంచి తరంగం కిందికి కురవదు, కొంచెం వంపుతో ముందుకు పోతుంది. అందుకే టవర్ ఉన్న మేడ కింది ఇళ్ల గురించి బెంగ అక్కర్లేదు. మీ కిటికీ సరిగ్గా ఆ పలకల ఎత్తులోనే, దగ్గరగా, ఎదురుగా ఉంటే మాత్రం ఒకసారి కొలిపించుకోవడం మంచిది. టెలికాం శాఖ 2017లో పెట్టిన తరంగ్ సంచార్ అనే వెబ్‌సైట్‌లో మీ చుట్టుపక్కల టవర్లు కనిపిస్తాయి, రుసుము కడితే వచ్చి కొలుస్తారు. రేడియో తరంగాలు మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. చిత్తూరు దారిలో గాదంకి దగ్గరున్న వాతావరణ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో భారీ పవర్‌తో ఏళ్ల తరబడి ఆకాశాన్ని గాలిస్తూనే ఉంది.

మీ ఆవిడకు చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. గంటలకొద్దీ మాట్లాడేటప్పుడు స్పీకరో ఇయర్‌ఫోనో పెట్టుకోమనండి, ఫోన్ ఒక అడుగు దూరం జరిగితే చాలు, అందేది బాగా పడిపోతుంది. రాత్రి దిండు కింద పెట్టుకోవద్దనండి. అది జీన్ల కోసం కాదు, నిద్ర కోసం. ఐదో నెలలో నిద్ర చెడితే బీపీ, మూడ్ రెండూ చెడొచ్చు. ఫోన్ సార్ ఎంతో చూడాలంటే *#07# కొట్టండి. డబ్బా మీదా ఉంటుంది.

చివర్లో అడిగారు, గాంధీ రోడ్డులో యాంటీ రేడియేషన్ చిప్ అని ఫోన్ వెనక అంటించే స్టిక్కర్ అమ్ముతున్నారని. కొనకండి. పనిచేయకపోతే డబ్బు దండగ. నిజంగానే తరంగాన్ని అడ్డుకుంటే ఫోన్ టవర్‌ను అందుకోవడానికి పవర్ ఇంకా పెంచుతుంది.

కొలత పెట్టించుకుంటే వాళ్లిచ్చే కాగితంలో ఒక్కో బ్యాండ్‌కు ఒక్కో అంకె ఉంటుంది, పక్కనే హద్దు ఉంటుంది. ఆ అంకెలు, మీ కిటికీకీ పలకలకూ మధ్య సుమారు ఎన్ని అడుగులున్నాయో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.